అనాథ సంరక్షణ - సాక్షుల ఆవశ్యకత

అనాథలను పోషించడం ముస్లిం సమాజంలో మొదటి నుండీ గొప్ప పుణ్యకార్యంగా భావింపబడుతున్నది. అనాథను ఆదుకున్నవాడు స్వర్గంలో తనకు అతి సమీపంలో ఉంటాడని దైవప్రవక్త (స) రెండు వేళ్ళు చూపి తెలియజేశారు. ఈ శుభవార్త ప్రేరణతోనే ఎన్నో యతీమ్‌ఖానాలు వెలిశాయి. జకాత్, సదఖాల ధనంతో వాటిలో పిల్లలకు తిండి, బట్ట, చదువు లభిస్తున్నాయి. అయితే అన్నం పెట్టినంత మాత్రాన అనాథ హక్కు తీరిపోతుందా? అన్నం పెట్టే చోటనే పిల్లవానికి కీడు జరిగితే అతడు ఎవరితో మొరపెట్టుకోవాలి?

దివ్య ఖుర్ఆన్‌లోని 'అన్నిసా' అధ్యాయం 6వ వచనం ఈ విషయంలో మార్గం చూపుతున్నది. అనాథలు పెద్దవారై తమ హక్కు అడుగుతారన్న తొందరతో వారి ఆస్తిని కాజేయరాదు. సంపన్నుడైన సంరక్షకుడు దానిని ముట్టరాదు. పేదవాడు ధర్మసమ్మతమైనంత మేరకే తీసుకోవచ్చు. ఆస్తిని అప్పగించేటప్పుడు సాక్షులను ఉంచుకోవాలి. ఇదీ ఆ ఆదేశాల సారాంశం. లెక్క తీసుకోవడానికి అల్లాహ్ చాలునన్న భావంతో వచనం ముగుస్తుంది. అల్లాహ్ చూస్తూనే ఉండగా మనుషుల సాక్ష్యం దేనికి? సంరక్షకుని దైవభీతి అతని హృదయంలోని విషయం. బయటివారు దానిని కొలవలేరు. సాక్షులుంటే అనాథ హక్కు నిలుస్తుంది, నిజాయితీపరుడైన సంరక్షకునికి అపనింద తప్పుతుంది.

ఆస్తికే సాక్షులు అవసరమైనప్పుడు పిల్లవాని దేహానికి, మానానికి అవసరం లేదా? నేటి చట్టాలు కోరేది కూడా ఇదే. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 20వ అధికరణం, కుటుంబం లేని పిల్లల సంరక్షణ మార్గాలలో ఇస్లామీయ 'కఫాలా'ను పేర్కొన్నది. భారతదేశం 1992లో ఆ ఒడంబడికలో చేరింది. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం, ప్రభుత్వ సహాయం పొందకపోయినా సరే, సంరక్షణ అవసరమైన పిల్లలను ఉంచుకునే ప్రతి సంస్థ రిజిస్టరు కావాలి. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం, 18 ఏళ్ళలోపు వారిపై లైంగిక నేరం జరిగినట్లు తెలిసినవారు పోలీసులకు తెలుపవలసి ఉన్నది. తన కింది ఉద్యోగి చేసిన నేరాన్ని దాచిన సంస్థాధిపతికి ఏడాది వరకు జైలుశిక్ష, జరిమానా విధింపబడతాయి.

సంస్థ పరువు పోతుందని విషయాన్ని నాలుగు గోడల మధ్య సర్దుబాటు చేయడం కొందరికి వివేకంగా తోస్తుంది. దాని ఫలితమేమిటి? నేరస్థుడు అక్కడే ఉంటాడు. మరొక పిల్లవాడు బలి అవుతాడు. బీహారులోని ముజఫర్‌పూర్‌లో ఒక స్వచ్ఛంద సంస్థ నడిపిన బాలికల ఆశ్రయ గృహంలోని అఘాయిత్యాలు, బయటివారైన టాటా సామాజిక శాస్త్రాల సంస్థ జరిపిన పరిశీలన వల్లనే 2018లో వెల్లడైనాయి. 2020లో ఢిల్లీ న్యాయస్థానం 19 మందిని దోషులుగా నిర్ణయించింది.

కావున నిర్వాహకులు కొన్ని నియమాలు పాటించాలి. ఉద్యోగిని నియమించే ముందు అతని పూర్వ చరిత్ర విచారించాలి. పెద్దవారెవరూ పిల్లవానితో మూసిన గదిలో ఒంటరిగా ఉండరాదు. కొట్టడం పూర్తిగా నిషేధించాలి. 1098 నంబరు పిల్లలకు కనిపించేటట్లు గోడపై వ్రాయించి, ఫోను అందుబాటులో ఉంచాలి. సంస్థతో సంబంధంలేని స్త్రీ పురుషులు అప్పుడప్పుడు వచ్చి, ఉద్యోగులు లేని చోట పిల్లలతో మాట్లాడాలి.

దాతలు కూడా రశీదుతో తృప్తిపడక, ఈ ఏర్పాట్లు ఉన్నవా అని అడగాలి. అనాథ తరఫున అడగడానికి తండ్రి లేడు. ఆ ప్రశ్న సమాజమే వేయాలి.