తుదివఱకు తోడు

మహాభారతములోని మహాప్రస్థానిక పర్వమునందు ఒక కుక్క కథ కలదు. పాండవులు రాజ్యమును విడిచి ఉత్తరదిశగా పయనమైనప్పుడు ఒక కుక్క వారి వెంట నడచినది. దారిలో ద్రౌపదియు, నలుగురు తమ్ములును ఒకరి తరువాత ఒకరు నేలకొరగిరి. తుదకు ధర్మరాజును, ఆ కుక్కయు మాత్రమే మిగిలిరి. ఇంద్రుడు రథముతో వచ్చి ధర్మరాజును స్వర్గమునకు పిలిచి, కుక్కను మాత్రము విడిచి రావలెననెను. తన్ను నమ్మి వెంట వచ్చిన ప్రాణిని విడిచి పొందు స్వర్గము తనకక్కఱలేదని ధర్మరాజు పలికెను. ధర్మదేవతయే కుక్క రూపమున వచ్చెనని తరువాత తెలిసినది.

ఈ కథను విని మనమందఱము మెచ్చుకొందుము. కాని మన వాకిటిలోని కుక్క ముసలిదైనప్పుడు ధర్మరాజువలె నడచువారెందఱు? అది కాపలా కాచినన్నాళ్లు అన్నము పెట్టి, కాళ్లు పట్టు తప్పగానే ఊరి వెలుపల వదలి వచ్చువారు కొందఱు. అది మూలపడి మూలుగుచుండగా దాని కర్మమని చూచి ఊరకుండువారు మఱికొందఱు. ఈ రెండును తప్పులే. తగిన మార్గమేదో తెలిసికొనుట కుక్కను పెంచు ప్రతి యింటివారికిని అవసరము.

కుక్క ఆయుర్దాయము మనకన్న చాల తక్కువ. సాధారణముగా అది 10 మొదలు 13 ఏండ్లు జీవించును. చిన్న జాతి కుక్కలు 15 ఏండ్లు బ్రతుకుటయు కలదు. గ్రేట్ డేన్ వంటి పెద్ద జాతుల కుక్కలు 8, 10 ఏండ్లకే ముగియుట సామాన్యము. కుక్కకు ఒక యేడు మనుష్యునకు ఏడేండ్లతో సమానమని లోకమున ఒక మాట కలదు. అది సరియైన లెక్క కాదు. ఏడాది నిండునప్పటికే కుక్క యౌవనమున ప్రవేశించును. ఆ పిమ్మట దాని వయస్సు కొంత నెమ్మదిగా సాగును. ఆ వేగము జాతినిబట్టి మాఱుచుండును. మూడవ తరగతి చదువునప్పుడు కుక్కపిల్లను తెచ్చుకొన్న బాలుడు కళాశాల చదువు ముగించునప్పటికి అది ముసలిదగును. కావున కుక్కపిల్లను ఇంటికి తెచ్చువాడు దాని ముదిమిని కూడ తెచ్చుకొనుచున్నానని యెఱుగవలెను.

ముదిమి లక్షణములు కొన్ని కంటికి కనబడును. మూతిచుట్టు వెండ్రుకలు నెరయును. కంటిపాప నీలపుమసక తెరవలె అగుపడును. ఇది వయస్సుతో వచ్చు మార్పు. దీనివలన చూపు అంతగా చెడదు. శుక్లము వేఱు. అది తెల్లగా ముదిరి చూపును పోగొట్టును. చెవులు మందగించును. పిలిచినను రాని ముసలికుక్క పొగరుబోతు కాదు. దానికి మన పిలుపు వినబడకపోవుటయే కారణము కావచ్చును. కీళ్లు అరిగి నొప్పి పుట్టుటవలన అది మెట్లెక్కుటకు వెనుదీయును. పండ్లు కదలి ఆహారము నమలజాలదు. కొన్ని కుక్కలకు మతి కూడ తప్పును. తానెఱిగిన యింటిలోనే దారి తప్పి, గోడవంక చూచుచు నిలిచిపోవును. రాత్రులు నిద్రలేక తిరుగాడును.

కంటికి కనబడనిది నొప్పి. కుక్క దెబ్బ తగిలినప్పుడు అఱచునుగాని, దినదినము వేధించు నొప్పిని అఱచి చెప్పదు. ఒకేచోట మాటిమాటికి నాకికొనుట, తాకనీయకపోవుట, నీడలో పండుకొనియు రొప్పుచుండుట, చీకటి మూలలు వెదకుకొనుట, ఆహారము ముట్టకపోవుట అను గుర్తులను చూచి మనమే తెలిసికొనవలెను. వీనిని ముసలితనమని సరిపెట్టుకొనరాదు. ముసలితనము రోగము కాదు. ముసలితనమున వచ్చు రోగములు మాత్రము చాల కలవు. వానిలో అనేకమునకు మందులును కలవు.

ఈ పొరపాటును నేనును చేసితిని. 2008లో నేను పనిచేయుచున్న పాఠశాల ప్రహరీగోడ ప్రక్కన వానలో తడియుచున్న ఒక నాటుకుక్క పిల్లను ఇంటికి తెచ్చితిని. దానికి మోతి యని పేరు పెట్టితిమి. అది ప్రతిదినము నా వెంట పాఠశాల వాకిటివఱకు వచ్చి, గంట కొట్టగానే మరలిపోయెడిది. పదుమూడేండ్లు నిండిన తరువాత అది వసారాలోనే మూత్రము విడువసాగెను. చక్కని అలవాట్లు గల కుక్క ఇట్లు చేయుచున్నదేమని నేను కోపించి, ఒకనాడు కఱ్ఱ యెత్తితిని. అది తల వంచుకొని మూలకు పోయెను. అప్పుడు పదకొండేండ్ల వాడైన నా మనుమడు, “తాతయ్యా! మోతి గిన్నెడు నీళ్లు త్రాగి మరల మరల గిన్నె దగ్గఱకు పోవుచున్నది. మీరు చూడలేదా?” యని యడిగెను. నేను చూడలేదు. పశువైద్యుడు రక్తపరీక్ష చేయించి, మూత్రపిండములు చెడినవని చెప్పెను. మూత్రపిండములు చెడిన కుక్క ఎక్కువ నీరు త్రాగును, మూత్రమును ఆపుకొనజాలదు. 30 ఏండ్లకు మించి పిల్లలకు చదువు చెప్పిన నేను, పాఠము రానివానిని కొట్టుటకు ముందు కారణము విచారింపవలెనని తోడి ఉపాధ్యాయులకు చెప్పుచుండెడివాడను. ఆ మాట నా యింటి కుక్క విషయమున నాకు జ్ఞప్తికి రాలేదు.

ముసలికుక్కకు చేయవలసిన ఉపచారములు కష్టమైనవి కావు. పండుకొనుటకు గోనెసంచులపై పాతదుప్పటి పఱచి మెత్తని పడక చేయవలెను. నున్నని నేలపై కాళ్లు జాఱకుండ గోనెపట్ట వేయవలెను. నీరు ఎల్లప్పుడు అందుబాటులో నుంచవలెను. మూత్రము విడుచుచున్నదని నీరు తగ్గించుట ప్రమాదకరము. మెత్తని యాహారమును కొంచెము కొంచెముగా పలుమాఱులు పెట్టవలెను. లేవలేని కుక్కను కొన్ని గంటలకొకమాఱు ప్రక్క మార్చి పండుకొనబెట్టవలెను. లేనిచో ఒరిపిడివలన పుండ్లు పడును. మనుష్యులు వాడు నొప్పిమాత్రలను వైద్యుడు చెప్పనిదే వేయరాదు. ఐబుప్రోఫెన్ వంటి మందు కుక్క కడుపులో పుండ్లు పుట్టించి, మూత్రపిండములను చెఱచును. వైద్యుడు చెప్పిన మందులు, ఆహారము పెట్టిన పిమ్మట మా మోతి ఎనిమిది నెలలు సుఖముగానే యుండెను.

కాని మందులకును ఒక హద్దు కలదు. రోగము కుదురదని తేలిన పిమ్మట కుక్క స్థితిని ఎట్లు తెలిసికొనవలెను? అమెరికా దేశపు పశువైద్యురాలు ఆలిస్ విల్లాలోబోస్ దీనికొక కొలమానమును ఏర్పఱచెను. నొప్పి, ఆకలి, ఒంటిలోని నీరు, శుభ్రత, సంతోషము, నడక, చెడు దినములకన్న మంచి దినములు ఎక్కువగా నుండుట అను ఏడు విషయములను చూడవలెను. ఒక్కొక్కదానికి సున్న మొదలు 10 వఱకు గుణములు వేయవలెను. మొత్తము 35కు మించినచో బ్రతుకు సహింపదగినదిగా నున్నదని తలంపవచ్చును. ఇది పరీక్షలో ఉత్తీర్ణత వంటిది కాదు. ప్రేమచేత మన కన్నులు మూతపడకుండ చేయు సాధనము మాత్రమే. నా మనుమడు ఇంకను సులభమైన పని చేసెను. గోడమీది క్యాలెండరులో మోతి తిని, తోక యాడించిన దినమునకు సున్న, తినక మూలిగిన దినమునకు అడ్డగీత పెట్టసాగెను. 2022 ఆగస్టు నెల పుటలో సున్నలు మూడే యుండెను.

ఇచ్చట ఒక పెద్ద సందేహము కలుగును. ప్రాణమును పోయలేని మనకు దానిని తీయు అధికారమెక్కడిది? ఈ ప్రశ్న 1928లో అహమ్మదాబాదు చెంతనున్న సబర్మతి ఆశ్రమములోనే పుట్టినది. అచ్చట ఒక దూడ అవిటిదై తీవ్రమైన బాధతో నేలబడి యుండెను. ఎన్ని యుపచారములు చేసినను ఫలము లేకపోయెను. వైద్యుడును ఆశ లేదనెను. గాంధీజీ ఆశ్రమవాసులతో చర్చించిరి. ప్రాణమును పోయలేనివారు దానిని తీయరాదని యొకరు వాదించిరి. స్వార్థముతో ప్రాణము తీయువారి విషయమున ఆ వాదము చెల్లునుగాని, ఇచ్చట చెల్లదని గాంధీజీ తలంచిరి. వైద్యునిచేత సూదిమందు వేయించి దూడను బాధనుండి విడిపించిరి. అహింసావ్రతుడు ఇట్లు చేయవచ్చునా యని దేశమున గొప్ప అలజడి పుట్టెను. ఆయన తన పత్రికలలో ఓర్పుతో సమాధానము వ్రాసిరి. కోపముతోగాని స్వార్థముతోగాని ప్రాణిని బాధించుట హింస యనియు, వేఱు దారి లేనప్పుడు దాని మేలు మాత్రమే కోరి బాధను తొలగించుట హింస కాదనియు ఆయన యభిప్రాయము. అందఱును దాని నంగీకరింపలేదు. నేటికిని అంగీకరింపనివారు కలరు. నొప్పి తెలియకుండ మందులిచ్చుచు, సహజముగా కన్నుమూయువఱకు కాచుకొనియుండుటయు మంచి మార్గమే. నొప్పిని ఆపలేకపోయినప్పుడే రెండవ మార్గమును గూర్చి ఆలోచింపవలెను.

గాంధీజీ మాటలో మనము గ్రహింపవలసిన కొలత యొకటి కలదు. ఈ పని ఎవరి మేలు కొఱకు? గ్రుడ్డిదైనదనియు, ఇల్లు మురికి చేయుచున్నదనియు, సేవ చేయుటకు తీరిక లేదనియు ప్రాణము తీయించుట స్వార్థము. తనకు దుఃఖము కలుగునని వెఱచి, ఆశలేని ప్రాణిని నెలలకొలది యాతనలో నుంచుటయు స్వార్థమే. మొదటి స్వార్థమును లోకము గుర్తించును. రెండవది ప్రేమ వేషమున నుండుటచేత గుర్తింపదు. ఇక విడిచిపెట్టుట మాటకు వచ్చినచో, 1960లో వచ్చిన జంతుహింసా నివారణ చట్టము ప్రకారము ఆకలిదప్పులతో బాధపడునట్లు జంతువును అకారణముగా విడిచివేయుట నేరము. ఇట్టి చట్టము కొఱకు రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో పాటుపడిరి. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలు ఆమెయే.

అంతిమ నిర్ణయము ఇంటివారిదే యైనను, ఆ పనిని పశువైద్యుడు మాత్రమే చేయవలెను. ముందుగా నెమ్మదిని కలిగించు మందునిచ్చును. తరువాత మత్తుమందును అధిక ప్రమాణమున ముందుకాలి నరములోనికి ఎక్కించును. కొన్ని క్షణములలో కుక్కకు స్పృహ తప్పును. శస్త్రచికిత్సకు ముందు వచ్చు నిద్రవంటిదే యీ నిద్ర. పిమ్మట ఊపిరియు, గుండెయు కొలది నిమిషములలో ఆగిపోవును. కన్నులు తెఱచియే యుండవచ్చును. ఒడలు ఒకమాఱు అదరవచ్చును. అవి నొప్పికి గుర్తులు కావు. ఈ సంగతులు ముందుగా తెలిసినచో చూచువారు భయపడరు.

ఆ దినమున నా మనుమడు, “తాతయ్యా! మోతిని మనము చంపుచున్నామా?” యని యడిగెను. లేదని చెప్పి వానిని మభ్యపెట్టుట నాకిష్టము లేకపోయెను. “దాని చావును రోగము నిర్ణయించినది. ఎంత బాధపడి చావవలెనన్నది మాత్రమే మన చేతిలో మిగిలినది” అని చెప్పితిని. వాడు కొంతసేపు మౌనముగా నుండి, తానును దగ్గఱ నుందుననెను. వైద్యుడు మాయింటికే వచ్చెను. మోతి తల నా ఒడిలో నుండెను. కఱ్ఱ యెత్తిన చేతితోనే దాని నుదురు నిమిరితిని. మనుమడు దాని చెవిలో దాని పేరు చెప్పుచుండెను. ఆ చెవులకు వినికిడి పోయి చాల కాలమైనది. ఆ సంగతి వానికిని తెలియును.

పెరటిలో నూతికి దూరముగా లోతైన గొయ్యి తీసి పూడ్చితిమి. మందు ఎక్కించిన కళేబరమును తిన్న కుక్కలకును, పక్షులకును ప్రాణాపాయము కలుగును గనుక లోతుగా పూడ్చుట తప్పనిసరి. పట్టణములలో స్థలము లేనివారు పురపాలక కార్యాలయమున విచారింపవలెను. పది దినములవఱకు నా భార్య అన్నము కలుపునప్పుడు ఒక ముద్ద ప్రక్కన పెట్టి, తరువాత జ్ఞప్తికి వచ్చి నిలిచిపోయెడిది. ఇట్టి దుఃఖము నవ్వదగినది కాదు. కుక్క కొఱకు ఏడ్చు బాలుని చూచి ఎవరును ఎగతాళి చేయరాదు.

బాలలారా! మీ యింటిలోగాని, ఇరుగుపొరుగున గాని ముసలికుక్క యున్నచో ఈ దినము దాని దగ్గఱకు పోయి చూడుడు. నీళ్లగిన్నె ఎంత వేగముగా ఖాళీ యగుచున్నదో గమనింపుడు. ఏ కాలు ఈడ్చుచున్నదో చూడుడు. చూచినది పెద్దలకు చెప్పుడు. మా యింటిలో చూడవలసినదానిని చూచినవాడు పదకొండేండ్ల బాలుడే. ధర్మరాజు స్వర్గద్వారమున చేసిన పనిని మన వాకిటిలో చేయుటకు ఇంతకన్న గొప్ప సాధనములు అక్కఱలేదు. మనలను నమ్మి వచ్చినదానిని తుదివఱకు విడువకుండుటయే ధర్మము.