నాయకత్వం గురించి ఏడాది చెప్పా... నేర్చుకున్నది మాత్రం ఎనిమిదో నెలలో!

‘టీమ్‌ను ముందుండి నడిపించిన సందర్భం ఒకటి చెప్పండి.’

ఇంటర్వ్యూల్లో ఈ ప్రశ్న మీకు ఎదురయ్యే ఉంటుంది. లేదంటే రేపోమాపో ఎదురవుతుంది. బీటెక్ చివరి ఏడాదిలో నన్ను అడిగినప్పుడు కాలేజీ ఫెస్ట్‌కి కోఆర్డినేటర్‌గా చేశానని గడగడా చెప్పేశా. ఆయన తలూపి ఇంకో ప్రశ్న వేశారు. ‘అందులో మీరు తీసుకున్న నిర్ణయం ఏంటి?’ అంతే, నోరు పెగల్లేదు. నేను తీసుకున్న నిర్ణయమంటూ ఏదీ లేదు మరి! మెడలో బ్యాడ్జి వేసుకుని మూడు రోజులు తిరిగా, అంతే.

ఆ ప్రశ్న చాలాకాలం వెంటాడింది. ఉద్యోగంలో చేరాక టెక్ బ్లాగు రాయడం మొదలుపెట్టా. కిందటేడాది ఒక స్నేహితుడితో కలిసి తెలుగులో నాయకత్వం మీద యూట్యూబ్ ఛానల్ ప్రారంభించా. స్క్రిప్టు, గొంతు నావి. ఎడిటింగ్, థంబ్‌నెయిల్ వాడివి. కూకట్‌పల్లిలో మేమిద్దరం ఉండే గదే స్టూడియో. రోడ్డు మీద హారన్లు తగ్గాక, రాత్రి పదకొండు దాటితే రికార్డింగ్. ప్రతి ఆదివారం ఒక వీడియో. ఇప్పటికి ఏడాది నిండింది. మీలో చాలామందికి ఇలాంటిదేదో మొదలుపెట్టాలన్న ఆలోచన ఉంటుంది. అందుకే మా లెక్క దాచుకోకుండా మీ ముందు పెడుతున్నా.

లక్షణాల జాబితా ఎవరికి కావాలి?

మొదటి మూడు నెలలు మేం చేసినవన్నీ ఒకే మూసలో ఉండేవి. ‘గొప్ప నాయకుల ఏడు లక్షణాలు’, ‘లీడర్ కావాలంటే ఈ అయిదూ మానేయండి’... ఇలా. చూసింది ఎవరంటే మా బంధువులు, పాత హాస్టల్ మిత్రులు. యూట్యూబ్ స్టూడియోలో ఒక గ్రాఫ్ ఉంటుంది. వీడియోలో ఏ సెకను దగ్గర ఎంతమంది వెళ్లిపోయారో చూపిస్తుంది. మా గ్రాఫ్ మొదటి అర నిమిషంలోనే కొండ మీంచి దూకినట్టు పడిపోయేది.

నాలుగో నెలలో ఒక డిగ్రీ విద్యార్థి నుంచి మెసేజ్ వచ్చింది. ‘అన్నా, లక్షణాలు సరే. మా ప్రాజెక్టులో నలుగురం ఉన్నాం. నాకు రాని పని ఇంకొకడికి బాగా వచ్చు. వాణ్ని ఎలా అడగాలి?’

దానికి నా దగ్గర జాబితా లేదు. వెతికితే వర్గీస్ కురియన్ కథ దొరికింది. 1949లో గుజరాత్‌లోని ఆనంద్‌కు వచ్చిన ఆయన ఇంజినీరు. గేదె పాలను పొడిగా మార్చడం కుదరదని విదేశీ నిపుణులు చెబుతున్న రోజులవి. అమెరికాలోని మిషిగన్‌లో తనతో పాటు చదువుకున్న హెచ్.ఎం.దలాయాను కురియన్ ఆనంద్‌లోనే ఉండిపొమ్మని పట్టుబట్టారు. పొడి తయారుచేసే పద్ధతిని రూపొందించింది దలాయా. 1955లో ఆ ప్లాంటు ప్రారంభమైంది. తనకు రానిది ఎవరికి వచ్చో గుర్తించడం, వాళ్లని ఆపుకోవడం, ఆ పని వాళ్లదేనని బయటికి చెప్పడం... కురియన్ చేసినవి ఈ మూడూ.

ఆ వీడియోను జనం చివరిదాకా చూశారు. అప్పటి నుంచి మాకు మేమే ఒక నియమం పెట్టుకున్నాం. ఒక వీడియోకి ఒక ప్రశ్న, ఒక మనిషి, ఆ మనిషి తీసుకున్న ఒక నిర్ణయం. సూక్తులు బంద్!

డబ్బుల సంగతి

‘ఎంత వస్తుందన్నా?’ అని చాలామంది అడుగుతుంటారు. నిబంధనలు ముందే తెలుసుకుంటే ఆశలు అదుపులో ఉంటాయి. ప్రకటనల ఆదాయంలో వాటా కావాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, దాంతోపాటు గత 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ ఉండాలి. లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కి కోటి వ్యూస్ రావాలి. అర్హత వచ్చాక మామూలు వీడియోల మీద ప్రకటనల ఆదాయంలో 55 శాతం మనకిస్తారు. ఖాతాలో వంద డాలర్లు చేరేదాకా చేతికి రాదు.

ఇందులో రెండు మెలికలున్నాయి. 12 నెలలంటే వెనక్కి లెక్కపెట్టే 12 నెలలు. రోజులు గడిచేకొద్దీ పాత గంటలు లెక్కలోంచి జారిపోతుంటాయి. షార్ట్స్ ఫీడ్‌లో జనం చూసిన సమయం 4,000 గంటల్లోకి రాదు. ఇది తెలియక ఆరో నెలంతా షార్ట్స్ మీదే పడ్డాం. సబ్‌స్క్రైబర్లు పెరిగారు, గంటలు మాత్రం కదల్లేదు. చివరికి పదో నెలలో గీత దాటాం. వంద డాలర్లు ఇంకా నిండలేదు. అంటే ఏడాది శ్రమకు చేతికొచ్చింది సున్నా. మైకుకీ, లైటుకీ పెట్టింది మా జేబులోంచే. కాబట్టి దీన్ని నమ్ముకుని ఉద్యోగ ప్రయత్నాలు ఆపకండి. అవి సాగుతుండగా పక్కన చేసుకునే పని ఇది.

చెప్పింది నేనే, తప్పిందీ నేనే

ఇక అసలు విషయానికొస్తా. ఎనిమిదో నెలలో మేం చేసిన వీడియో మన శ్రీహరికోటలో జరిగిన కథ. 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వీ-3 తొలి ప్రయోగం విఫలమైంది. రాకెట్ బంగాళాఖాతంలో పడిపోయింది. ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం. విలేకరుల ముందుకు వెళ్లి ఆ వైఫల్యాన్ని భుజానికెత్తుకున్నది మాత్రం ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధావన్. మళ్లీ ప్రయత్నించారు. 1980 జులై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరింది. ఈసారి ధావన్ పక్కకు జరిగి, విలేకరులతో మాట్లాడమని కలాంనే పంపారు. కలాం ఈ సంగతిని తర్వాత ఎన్నో వేదికల మీద చెప్పారు.

మా ఛానల్‌లో అందరికంటే ఎక్కువమంది చూసిన వీడియో ఇదే. ఆ సంతోషంలో లింక్డిన్‌లో ఒక పోస్టు పెట్టా. ‘నేను చేసిన వీడియోకి ఇంత స్పందన’ అని. అందులో నా స్నేహితుడి పేరు లేదు. అంతకు రెండు వారాల ముందు ఒక వీడియోలో సంవత్సరం తప్పు పడింది. ఎవరో ఎత్తిచూపితే ‘ఎడిటింగ్‌లో పొరపాటు జరిగింది’ అని జవాబిచ్చా.

వాడు రెండూ చూశాడు. ఆ రాత్రి ల్యాప్‌టాప్ మూసేసి ఒకే మాటన్నాడు. ‘మామా, ధావన్ గురించి చెప్పింది నువ్వే కదా?’

తర్వాత రెండు ఆదివారాలు వీడియో రాలేదు. ఒకే గదిలో ఉంటూ మాట్లాడుకోలేదు. టిఫిన్‌కి కూడా ఎవరికి వాళ్లమే వెళ్లాం. మూడో వారం పాత స్క్రిప్టు ఫైల్ తెరిచి చూశా. ఆ సంవత్సరం తప్పు రాసింది నేనే. నేను రాసిచ్చిందే వాడు తెర మీద వేశాడు.

నిజం చెప్పాలంటే తెలిసిన వెంటనే ఒప్పుకోలేదు. ఒక రోజంతా నన్ను నేను సమర్థించుకున్నా. ఏడాదిగా నాయకత్వం గురించి ఊదరగొడుతున్న మనిషికి ‘తప్పు నాదే’ అన్న రెండు మాటలు రావడానికి ఒక రోజు పట్టింది!

మర్నాడు వాడికి చెప్పా. ఆ వీడియో కింద సవరణ పెట్టి, తప్పు స్క్రిప్టుదేనని నా పేరుతో రాశా. లింక్డిన్ పోస్టు దిద్దా. ఇద్దరం కూర్చుని కాగితం మీద మూడు విషయాలు రాసుకున్నాం. ప్రతి వీడియోలో ఇద్దరి పేర్లు. ఎప్పుడు వచ్చినా డబ్బు సగం సగం. తేదీలు, అంకెలు సరిచూసే బాధ్యత నాది. వాడు తిరిగొచ్చాడు కానీ ఒక షరతు పెట్టాడు. ‘వారం వారం నా వల్ల కాదు. రెండు వారాలకొకటి చేద్దాం.’ ఒప్పుకున్నా. వేగం తగ్గింది. పాత చనువు పూర్తిగా వచ్చిందా అంటే... వస్తోంది. ఈమధ్య టిఫిన్‌కి కలిసే వెళ్తున్నాం.

మీరు మొదలుపెడితే...

• నిలబెట్టుకోగలిగిన గడువే పెట్టుకోండి. పరీక్షలు, ప్లేస్‌మెంట్లు ఉన్నప్పుడు వారానికొకటి భారమైతే నెలకు రెండు చాలు.

• పని ఎవరిది, పేరు ఎవరిది, డబ్బు ఎలా పంచుకోవాలి... మొదటి రోజే రాసుకోండి. స్నేహం ఉంది కదా అని వదిలేస్తే మొదట దెబ్బతినేది స్నేహమే.

• తేదీ, పేరు, అంకె... ఈ మూడింటినీ కనీసం రెండుచోట్ల సరిచూడందే పెట్టకండి.

• రెజ్యూమెలో ‘నాయకత్వ లక్షణాలు ఉన్నాయి’ అని రాయకండి. ‘ఇద్దరి బృందంతో ఏడాదిపాటు తెలుగు ఛానల్ నిర్వహణ, స్క్రిప్టు, సమాచార పరిశీలన బాధ్యత నాది’ అని రాస్తే అడగడానికి వాళ్లకీ, చెప్పడానికి మీకూ ఏదో ఒకటి ఉంటుంది.

• జవాబును నాలుగు ముక్కలుగా సిద్ధం చేసుకోండి. సందర్భం ఏంటి, అందులో మీ బాధ్యత ఏంటి, మీరేం చేశారు, ఫలితం ఏమైంది. దీన్నే ‘స్టార్’ పద్ధతి అంటారు. మూడో ముక్కలో ‘మేం’ అని దాటేయకుండా మీరు చేసిందేంటో చెప్పాలి. నాలుగో ముక్కలో ‘నేను’ అంటూ మిగతావాళ్లను మర్చిపోకూడదు.

మళ్లీ అదే ప్రశ్న

పదకొండో నెలలో ఉద్యోగం మారదామని ఒక ఇంటర్వ్యూకి వెళ్లా. ‘టీమ్‌ను నడిపించిన సందర్భం చెప్పండి’ అన్నారు ఆవిడ. సబ్‌స్క్రైబర్ల లెక్కతో మొదలుపెట్టబోయి ఆగా. రెండు ఆదివారాలు వీడియో ఎందుకు రాలేదో చెప్పా. ఆవిడ చేతిలోని పెన్ను పక్కన పెట్టి, ‘ఆ కాగితం మీద ఏం రాసుకున్నారు?’ అని అడిగారు. మిగతా ఇంటర్వ్యూ అంతా దాని మీదే నడిచింది.

ఆ ఉద్యోగం రాలేదు. వాళ్లకి కావాల్సిన క్లౌడ్ అనుభవం నాకు తక్కువైంది. ఇప్పుడు ఆ పాఠాలు చదువుతున్నా. కానీ బీటెక్ చివరి ఏడాదిలో పెగలని నోరు ఈసారి పెగిలింది. ‘మీరు తీసుకున్న నిర్ణయం ఏంటి?’ అంటే చెప్పుకోవడానికి ఒకటుంది.

మీకూ అలాంటిది ఒకటి కావాలంటే ఛానలే పెట్టనక్కర్లేదు. మీ మినీ ప్రాజెక్టు బృందం చాలు. ఈసారి రివ్యూలో ఏదైనా తేడా వస్తే, అందులో మీ వాటా ఎంతో ముందు మీరే చెప్పి చూడండి.