వాడితేనే దారి
ఫ్రాన్స్ కొండల్లో కంకర బాటల మీద సైకిలు సవారీ

పొలాల మధ్య నుంచి సాగే బండ్ల దారిని గోదావరి వైపు పుంత అంటారు. కృష్ణా, గుంటూరుల్లో డొంక అంటారు. అలాంటి దారికి ఫ్రాన్స్‌లో పేరు ‘షెమాఁ రురాల్’, అంటే పల్లె దారి. దానికి తారు ఉండదు. రెండు చక్రాల జాడల మీద కంకర, నడుమ గడ్డి, పక్కన కంచె. ఒకప్పుడు ఎండుగడ్డి బళ్లూ గొర్రెల మందలూ నడిచిన ఈ దారుల మీద ఇప్పుడు సైకిళ్లు తిరుగుతున్నాయి. ఈ సవారీని అక్కడివాళ్లు ‘గ్రావెల్’ అనే ఇంగ్లీషు మాటతోనే పిలుచుకుంటారు. మాట అరువు తెచ్చుకున్నదే గానీ, దారులు మాత్రం తాతలనాటివి.

సైకిలులో ఏముంది?

గ్రావెల్ సైకిలు దూరం నుంచి పందెం సైకిలులాగే, వంగిన హ్యాండిల్‌తో కనిపిస్తుంది. తేడా టైర్లలో ఉంది. తారు రోడ్డు పందెం సైకిలు టైరు వెడల్పు 25 నుంచి 30 మిల్లీమీటర్లయితే, దీనిది సుమారు 40 నుంచి 50 ఉంటుంది. వెడల్పు ఎక్కువ కాబట్టి గాలి కాస్త తక్కువ కొట్టుకోవచ్చు. రాయి మీదికి ఎక్కినప్పుడు చక్రం ఎగిరిపడకుండా టైరే అణిగి ఆ దెబ్బను మింగేస్తుంది.

రెండో సంగతి గేర్లు. దీన్ని లెక్కగా పిల్లలతో చేయించవచ్చు. ముందు చక్రంలో 40 పళ్లు, వెనక చక్రంలో 42 పళ్లు ఉంటే పెడలు ఒకసారి తిప్పినప్పుడు వెనక చక్రం పూర్తి చుట్టు కూడా తిరగదు. టైరు చుట్టుకొలత 2.2 మీటర్లనుకుంటే సైకిలు సుమారు 2.1 మీటర్లే కదులుతుంది. అదే వెనక 11 పళ్ల చక్రం మీదికి చెయిన్ మార్చితే ఒక్క తొక్కుకు 8 మీటర్లు పోతుంది. ఎత్తు ఎక్కడానికి మొదటిది, చదునులో పరుగుకు రెండోది.

ఈ సౌకర్యం కోసం వాదించినవాళ్లలో ముఖ్యుడు పోల్ ద వివి. 1853లో పుట్టి 1930లో కన్నుమూశాడు. సాంతెత్యెన్ నగరంలో సైకిళ్ల వ్యాపారం చేస్తూ, సైకిలు మీద ఒక పత్రిక నడుపుతూ, ‘వెలోసియో’ అనే కలం పేరుతో రాసేవాడు. ఊరి పక్కనున్న 1,161 మీటర్ల ఎత్తు కనుమే ఆయన ప్రయోగశాల. కానీ టూర్ ద ఫ్రాన్స్ పందెం స్థాపకుడు ఆన్రీ దెగ్రాంజ్‌కు గేర్లంటే చిన్నచూపు. 45 ఏళ్లు దాటినవాళ్లకే అవి కావాలన్నది ఆయన అభిప్రాయం. 1903లో మొదలైన ఆ పందెంలో గేర్లు మార్చే డెరైలర్‌కు అనుమతి దొరికింది 1937లోనే. నలభైలు నడుస్తున్న నాలాంటివాళ్లు మాత్రం వెలోసియో పక్షమే.

ఓనమాలు రైలు దారిలో

కొత్తవాళ్లకు బుర్గోన్ ప్రాంతం మంచిది. జివ్రీ నుంచి క్లూనీ వరకు మూతబడిన రైలు మార్గాన్ని 1997లో సైకిళ్లకూ నడిచేవాళ్లకూ ఇచ్చారు. పొడవు 44 కిలోమీటర్లు. ఇలాంటి దారులకు ‘వ్వా వెర్త్’, అంటే పచ్చబాట అని పేరు. ఫ్రాన్స్‌లో మొదటి పచ్చబాట ఇదే. పాత రైలు దారి కాబట్టి వాలు చాలా తక్కువ. నేల నున్నగా ఉంటుంది గనుక ఇది అసలు గ్రావెల్ కాదు, దానికి అక్షరాభ్యాసం మాత్రమే.

క్లూనీ దాటి మాకోన్ వైపు వెళితే బ్వా క్లేర్ అనే సొరంగం వస్తుంది. పొడవు 1.6 కిలోమీటర్లు. చలికాలంలో దాన్ని మూసేస్తారు. కారణం గబ్బిలాలు. వాటి శీతనిద్ర చెదరకూడదని మనుషులే కొండ ఎక్కి చుట్టు తిరిగి వెళతారు.

రాయి మారితే దారి మారుతుంది

అసలు పరీక్ష మాసిఫ్ సాంత్రాల్‌లో ఉంటుంది. ఇది దేశం నడిబొడ్డున ఉన్న పాత కొండల సముదాయం. ఉత్తరాన మోర్వాన్ కొండల దగ్గరి అవలోన్ పట్టణం నుంచి మధ్యధరా తీరాన ఆగ్ద్ వరకు దీన్ని నిలువునా దాటే సైకిలు మార్గం ఒకటుంది. సుమారు 1,380 కిలోమీటర్లు. మొదట కొండ సైకిళ్ల కోసం గీసిన మార్గమే అయినా, ఇందులోని వెడల్పు బాటలు గ్రావెల్‌కు సరిపోతాయి.

ఈ మార్గం భూగోళ పాఠం లాంటిది. మోర్వాన్‌లో అడవి, గ్రానైటు. తరువాత క్లెర్మోఁ ఫెరాన్ పక్కన సుమారు 80 నిద్రపోయిన అగ్నిపర్వతాల వరుస. 1,465 మీటర్ల ప్వీ ద దోమ్ వాటిలో పెద్దది. ఈ వరుసకు 2018లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. ఇక్కడ చక్రాల కింద చిల్లులున్న నల్ల, ఎర్ర లావా రాతి తునకలు కరకరలాడతాయి. ఆపైన ఒబ్రాక్ పీఠభూమి. మే 25 ప్రాంతంలో ఆవుల మందలు అక్కడి ఎత్తు మేత భూములకు ఎక్కుతాయి. ఇంకా దక్షిణాన సెవెన్ కొండలు. అక్కడి పలక రాయి అంచు పదును, టైరు పక్కలు కోస్తుంది. కోస్ అనే సున్నపురాయి పీఠభూముల మీద దారి తెల్లగా మెరుస్తుంది గానీ, వాన నీరు రాతి పగుళ్లలోంచి దిగిపోతుంది కాబట్టి పైన వాగు కనిపించదు. నీళ్ల సీసాలు నింపుకోకుండా ఆ పీఠభూమి ఎక్కకూడదు.

సెవెన్ కొండల్లో గొర్రెల దారిని ‘డ్రాయ్’ అంటారు. అది అక్కడి ఆక్సితాన్ భాష నుంచి వచ్చిన మాట. వేసవి రాగానే పల్లపు ప్రాంతాల మందలు ఈ దారుల వెంటే 1,699 మీటర్ల లొజేర్ కొండ వైపు ఎక్కేవి. కొన్ని మందలు ఇప్పటికీ ఎక్కుతున్నాయి. 1878లో రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ మొదెస్తీన్ అనే గాడిదను వెంటబెట్టుకుని ఈ కొండలను 12 రోజుల్లో దాటాడు. ఆ నడక మీద రాసిన పుస్తకం మరుసటి ఏడాదే వచ్చింది. ఆయన పేరుతో ఉన్న కాలిబాటకు తెలుపు, ఎరుపు గీతల గుర్తులుంటాయి. అది ముఖ్యంగా నడిచేవాళ్ల కోసం. ఇరుకు చోట్ల సైకిలు దిగి వాళ్లకు దారి ఇవ్వాలి.

పటం చదవడం వస్తే

బయలుదేరే ముందు చూడాల్సింది ఆ దేశపు 1:25,000 పటం. అందులో 1 సెంటీమీటరు నేల మీద 250 మీటర్లు. కొండ ప్రాంతాల పటాల్లో సమోన్నత రేఖకూ రేఖకూ మధ్య 10 మీటర్ల ఎత్తు తేడా ఉంటుంది. దారి ఒక సెంటీమీటరులో రెండు రేఖలంత పైకి వెళితే 250 మీటర్లకు 20 మీటర్లు ఎక్కినట్టు, అంటే 8 శాతం వాలు. ఓపికగా తొక్కవచ్చు. నాలుగు రేఖలయితే 16 శాతం. కంకర మీద వెనక చక్రం జారుతుంది, చాలామంది దిగి నెడతారు. ఎనిమిదో తరగతి శాతాలకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

మందల దగ్గర మర్యాద

మేత భూముల్లో గేటు తీస్తే తిరిగి మూయాలి. 1992లో ఇటలీ సరిహద్దు ఆల్ప్స్ కొండల్లో తోడేళ్లు మళ్లీ కనిపించాక, గొర్రెల కాపలాకు ‘పతూ’ అనే పెద్ద తెల్ల కుక్కలను పెట్టడం ఎక్కువైంది. వేగంగా వచ్చే సైకిలు వాటికి శత్రువులా కనిపిస్తుంది. అలాంటప్పుడు సైకిలు దిగాలి. దాన్ని కుక్కకూ మనకూ మధ్య ఉంచుకుని, పరుగెత్తకుండా, మందకు దూరంగా మెల్లగా నడవాలి.

దారి ఎవరిది?

1836 నాటి చట్టం ఊళ్లను కలిపే దారుల బాగోగులు కమ్యూన్లకు అప్పగించింది. డబ్బు కట్టలేని ఇంటివారు ఏడాదికి మూడు రోజుల దాకా పని చేసి ఆ పన్ను తీర్చుకునేవారు. కమ్యూన్ అంటే మేయరుండే స్థానిక పాలనా విభాగం. యానాం పాఠకులకు ఆ మాట కొత్తది కాదు. ఫ్రెంచివారి కాలంలో యానాం కూడా ఒక కమ్యూనే.

పల్లె దారి నేటికీ కమ్యూన్ ఆస్తే. అయితే చట్టంలో ఒక మెలిక ఉంది. జనం వాడటం మానేసిన దారిని బహిరంగ విచారణ జరిపి కమ్యూన్ అమ్ముకోవచ్చు. పక్క రైతు 30 ఏళ్లు అడ్డులేకుండా సాగు చేసుకుంటే అది తనదేనని కోర్టుకు వెళ్లవచ్చు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత చిన్న కమతాలను కలిపి పెద్ద మడులు చేసినప్పుడు ఎన్నో దారులు దున్నుకు పోయాయి. 2022లో వచ్చిన ఒక చట్టం కొంత ఊరట ఇచ్చింది. కమ్యూన్ తన దారుల లెక్క రాయించాలని తీర్మానిస్తే, ఆ కాలంలో 30 ఏళ్ల గడువు ఆగుతుంది.

దారికి రక్షణ కూడా ఆ చట్టంలోనే ఉంది. జనం రాకపోకలు సాగుతున్న పల్లె దారిని ప్రజల వాడుకలో ఉన్నదిగానే భావిస్తారు. అందుకే ఆదివారం పూట పదిమంది సైకిళ్ల మీద వెళ్లడం ఉత్త వినోదం కాదు, ఆ దారికి సాక్ష్యం చెప్పడం. అలాగని వాననాడు బురదలో లోతు గాళ్లు పెట్టి, నడిచేవాళ్లను బెదరగొడితే అదే మేయరు సైకిళ్లను నిషేధించగలడు. హక్కూ మర్యాదా రెండూ ఉన్నచోటే దారి నిలుస్తుంది. మీ తరగతి పిల్లల చేత వాళ్ల ఊరి పుంతల పేర్లు రాయించి చూడండి. ఏ పుంతలో ఇంకా కాలిజాడ ఉందో, దేనికి పేరొక్కటే మిగిలిందో వాళ్లే చెబుతారు.