శాసనపాఠాల డిజిటలీకరణ: ఎడిటర్ మోడ్ మారినప్పుడు ప్రాజెక్టు అమరికల అన్వయం

వ్యాససంగ్రహం

శాసనపాఠాలను కంప్యూటరులో నమోదు చేసే పరిశోధకులు ఒకే ఫైలును మొదట సాధారణ పాఠంగా, ఆ తరువాత గుర్తులు చేర్చిన పాఠంగా సవరిస్తారు. ఈ రెండు దశల మధ్య టెక్స్ట్ ఎడిటర్ పనిచేసే తీరు, అంటే 'మోడ్', మారుతుంది. ప్రాజెక్టు కోసం నిర్దేశించుకున్న అమరికలు ఆ మార్పులో నిలుస్తాయా, తొలగిపోతాయా అన్నది పాఠప్రామాణ్యానికి సంబంధించిన ప్రశ్న. శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం పరిసరాల శాసనాలను ఉదాహరణగా తీసుకొని, ఈమాక్స్, వీఎస్ కోడ్ ఎడిటర్లలోనూ, ఎడిటర్‌కాన్ఫిగ్ పద్ధతిలోనూ ఈ అన్వయం ఎలా జరుగుతుందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: శాసనపాఠం, పంక్తివిభజన, టెక్స్ట్ ఎడిటర్, మోడ్, ప్రాజెక్టు అమరికలు, ఈమాక్స్, ఎడిటర్‌కాన్ఫిగ్.

1. ఉపోద్ఘాతం

వంశధార సముద్రంలో కలిసేచోట ఉన్న కళింగపట్నం ప్రాచీనమైన రేవు. అది ఉన్న గార మండలంలోనే శాలిహుండం బౌద్ధక్షేత్రం, శ్రీకూర్మం ఆలయం ఉన్నాయి. నదికి ఎగువన ముఖలింగం ఉంది. తూర్పు గంగుల రాజధాని కళింగనగరం ఇదేనని పలువురు చరిత్రకారులు భావించారు. శ్రీకూర్మ, ముఖలింగ ఆలయాల శాసనాలు 1925లో వెలువడిన 'దక్షిణ భారత శాసనాలు' అయిదవ సంపుటంలో చోటు చేసుకున్నాయి. ముఖలింగానికి సమీపంలోని పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు వెంకట రామమూర్తి అక్కడి శాసనాలను స్వయంకృషితో చదవడం నేర్చుకున్నారు. కాబట్టి శాసనాన్ని చదవడం, దాని పాఠాన్ని నమ్మకంగా ఎత్తిరాయడం ఈ ప్రాంతానికి కొత్త విద్యలు కావు. ఎత్తిరాసే సాధనం మాత్రమే ఇప్పుడు మారింది.

శాసనపాఠంలో పంక్తి కేవలం ముద్రణ సౌకర్యం కాదు. శిల అంచు వచ్చినచోట లేఖకుడు పంక్తిని ముగిస్తాడు. పదం మధ్యలో ఉన్నా సరే, మిగిలిన అక్షరాలు తరువాతి పంక్తిలోకి వెళతాయి. పరిశోధకులు 'ఏడవ పంక్తిలోని దానవాచకం', 'పన్నెండవ పంక్తిలోని శకసంవత్సరం' అని పంక్తిసంఖ్యతోనే ఉదాహరిస్తారు. పంక్తి జరిగితే ఉదాహరణ తప్పుతుంది. రెండు పంక్తులు కలిసి మధ్యలో ఖాళీ చేరితే ఒక పదం రెండు పదాలవుతుంది. అక్షరదోషం చదువరి కంటికి చిక్కవచ్చు. పంక్తిదోషం చిక్కదు, ఎందుకంటే అక్షరాలన్నీ సరిగానే ఉంటాయి.

2. మోడ్, అమరిక: పరిభాష

టెక్స్ట్ ఎడిటర్ ఒక ఫైలును తెరిచినప్పుడు అది ఏ రకమైన పాఠమో నిర్ణయించుకొని, దానికి తగిన ప్రవర్తనను చేపడుతుంది. ఆ ప్రవర్తనల సముదాయమే మోడ్. సాధారణ వచనానికి ఒకటి, ఎక్స్‌ఎంఎల్ గుర్తులున్న పాఠానికి ఒకటి, ప్రోగ్రాములకు వేరొకటి ఉంటాయి. ఈమాక్స్‌లో తెరిచిన ప్రతి ఫైలుకూ ఒకే ఒక ప్రధాన మోడ్ ఉంటుంది. దానితోపాటు ఎన్ని ఉపమోడ్‌లనైనా ఉంచుకోవచ్చు.

పంక్తి గరిష్ఠ వెడల్పు, అంచు దాటగానే పంక్తిని విరిచే ఏర్పాటు, ఇండెంట్ పద్ధతి వంటివి అమరికలు. ఇవి మూడు చోట్ల నుంచి వస్తాయి. మొదటిది ఆ వ్యక్తి తన అలవాటు కొద్దీ చేసుకున్న సొంత ఏర్పాటు. రెండవది మోడ్ స్వయంగా తెచ్చేది. మూడవది ప్రాజెక్టు ఫోల్డరులో ఉంచిన నిర్దేశం. ఈ మూడవ దానివల్ల ఒకే కంప్యూటరులో శాసనాల ఫోల్డరుకు ఒక తీరు, మాండలిక సేకరణ ఫోల్డరుకు మరొక తీరు అమలవుతాయి. ఒకే శాసనసంకలనంపై పలువురు పనిచేస్తున్నప్పుడు అందరికీ ఒకే కట్టుబాటు దక్కుతుంది.

వ్యాకరణ విద్యార్థులకు ఈ స్థితి పరిచితమే. సామాన్యవిధి ఉత్సర్గం, విశేషవిధి అపవాదం. రెండూ ఒకే చోట ప్రసక్తమైతే అపవాదం బలీయం. ఎడిటర్లు కూడా ఈ న్యాయాన్నే పాటిస్తాయి. అయితే ఏది ఎక్కువ విశేషం అన్న విషయంలో అవి ఒకదానితో ఒకటి ఏకీభవించవు.

3. ఈమాక్స్‌లో జరిగే క్రమం

ఈమాక్స్‌లో ప్రాజెక్టు అమరికలను చుక్కతో మొదలయ్యే 'డిర్-లోకల్స్' అనే ఫైలులో రాస్తారు. ఈ సౌకర్యం 2009లో వచ్చిన 23.1 వెర్షన్‌తో మొదలైంది. పరిశోధకుడు ఒక శాసనపు ఫైలును తెరవగానే ఎడిటర్ ఆ ఫోల్డరు నుంచి పై ఫోల్డరులకు వెతుక్కుంటూ వెళ్లి, దగ్గరగా దొరికిన నిర్దేశాన్ని చదువుతుంది. అందులో అన్ని మోడ్‌లకూ వర్తించే పద్దులు, ఫలానా మోడ్‌కు మాత్రమే వర్తించే పద్దులు వేరువేరుగా ఉంటాయి. ఇది కాక, ఫైలు లోపలే మొదటి పంక్తిలోనో చివరనో రాసుకునే అమరికలూ ఉన్నాయి. రెండూ విభేదిస్తే ఫైలులోని అమరికదే పైచేయి.

మోడ్ మారే క్షణంలో జరిగేది ఇది. కొత్త మోడ్ మొదలయ్యే ముందు, ఆ ఫైలుకు ప్రత్యేకించిన అమరికలన్నిటినీ ఈమాక్స్ తుడిచివేస్తుంది. పాత మోడ్ అవశేషాలు కొత్తదానిలోకి రాకుండా చూడడం దీని ప్రయోజనం. 'శాశ్వతం' అని గుర్తించిన కొన్ని మాత్రం ఈ తుడుపును తప్పించుకుంటాయి. పాఠం ఎక్కడి నుంచి వచ్చింది, దాన్ని ఏ ఎన్‌కోడింగులో భద్రపరచాలి అనేవి అలాంటివి. తెలుగు టైపు చేయడానికి ఎంచుకున్న ఇన్‌స్క్రిప్ట్ లేదా ఐట్రాన్స్ పద్ధతి కూడా అలాగే నిలుస్తుంది.

ప్రాజెక్టు అమరికలు ఆ శాశ్వత వర్గంలో లేవు. 26.1 వెర్షన్‌కు ముందు అవి ఫైలును తెరిచినప్పుడు ఒక్కసారే అమలయ్యేవి. ఆ తరువాత చేతితో మోడ్ మారిస్తే తుడిచిపెట్టుకుపోయేవి. ఫైలును మళ్లీ చదివించేదాకా తిరిగి వచ్చేవి కావు. 2018లో విడుదలైన 26.1 ఈ లోపాన్ని సరిదిద్దింది. అప్పటి నుంచి మోడ్ మారిన ప్రతిసారీ ఫైలు అమరికలను, ఫోల్డరు అమరికలను ఎడిటర్ మళ్లీ అమలు చేస్తుంది. దీని క్రమం కూడా స్పష్టమే: మొదట తుడుపు, పిమ్మట మోడ్ తెచ్చే అమరికలు, ఆపైన ఆ మోడ్‌కు వ్యక్తి జతచేసుకున్న సొంత ఏర్పాట్లు, వాటి తరువాత ప్రాజెక్టు అమరికలు. తరువాత వచ్చినది ముందున్నదాన్ని తోసిపుచ్చుతుంది కనుక వ్యక్తి అలవాటు మీద ప్రాజెక్టు కట్టుబాటు నెగ్గుతుంది.

4. శ్రీకూర్మ శాసనం ఉదాహరణగా

ఈ క్రమం పాఠాన్ని ఎలా తాకుతుందో చూడడానికి ఒక ఊహాత్మక ప్రాజెక్టును తీసుకోవచ్చు. శ్రీకూర్మం శాసనాలను ఎత్తిరాసే పరిశోధకుడు శిల మీది ఒక్కొక్క పంక్తిని ఫైలులో ఒక్కొక్క పంక్తిగా ఉంచుతాడు. వ్యాసాలు రాసే అలవాటు కొద్దీ, వచన మోడ్‌లో అంచు దాటిన పంక్తి దానంతట అదే విరిగేలా సొంత ఏర్పాటు చేసుకొని ఉంటాడు. ఈమాక్స్‌లో ఆ అంచు సహజంగా 70 స్థానాలు. శాసనాల ఫోల్డరులో ఇది పనికిరాదు కనుక, అంచును 500 వంటి పెద్ద సంఖ్యగా నిర్దేశిస్తాడు. పంక్తులు విరగవు.

తరువాతి దశలో గుర్తులు చేర్చాలి. టీఈఐ ప్రమాణం మీద ఆధారపడి శాసనాల కోసం రూపొందిన ఎపిడాక్ మార్గదర్శకాలలో ప్రతి పంక్తి ఆరంభానికీ సంఖ్యతో కూడిన గుర్తు ఉంది. పదం మధ్యలో పంక్తి మారితే ఆ సంగతి తెలిపే విధానమూ ఉంది. ఆ పనికోసం పరిశోధకుడు ఎక్స్‌ఎంఎల్ మోడ్‌కు మారతాడు. పాత వెర్షన్‌లో అప్పుడు 500 అనే అంచు తొలగి 70 తిరిగి వస్తుంది. ఈమాక్స్‌లోని ఎక్స్‌ఎంఎల్ మోడ్ వచన మోడ్ నుంచి ఉత్పన్నమైనది కాబట్టి, వచన మోడ్‌కు జతచేసుకున్న విరుపు అలవాటు ఇక్కడ కూడా అమలవుతుంది. నామవాచకాలకు, తేదీలకు గుర్తులు చేర్చేకొద్దీ పంక్తి పొడవు పెరిగి 70 దాటుతుంది. శిల మీద లేని కొత్త పంక్తి ఫైలులో పుడుతుంది.

పంక్తిసంఖ్యలు అప్పటికే చేర్చి ఉంటే నష్టం లేదు. చేర్చకుండా, పంక్తి ముగిసినచోటల్లా సంఖ్య వేసే మార్పిడిని చివరలో నడిపితే, పుట్టుకొచ్చిన పంక్తికీ ఒక సంఖ్య పడుతుంది. అక్కడి నుంచి శాసనాంతం వరకు ప్రతి సంఖ్యా తప్పే. పేరాను సరిచేసే ఆజ్ఞ వాడితే నష్టం ఇంకా ఎక్కువ. అది పంక్తులను కలిపి, మధ్య ఖాళీ చేర్చి, మళ్లీ విరుస్తుంది. రెండు పంక్తుల మధ్య చీలిన పదం అప్పుడు నిజంగానే రెండు ముక్కలవుతుంది.

ఇంత జరుగుతున్నా పరిశోధకుడికి అనుమానం రాకపోవడానికి కారణం ఉంది. టైపింగు పద్ధతి శాశ్వత వర్గంలో ఉంది కాబట్టి మోడ్ మారాక కూడా తెలుగు అక్షరాలే పడుతుంటాయి. కంటికి కనిపించే అమరిక నిలిచింది కనుక కనిపించనివీ నిలిచాయనుకోవడం సహజం.

ఉత్పన్న మోడ్‌ల నియమం ప్రాజెక్టు పద్దులకు కూడా వర్తిస్తుంది. వచన మోడ్‌కు రాసిన పద్దు దాని నుంచి పుట్టిన ఎక్స్‌ఎంఎల్ మోడ్‌కూ సోకుతుంది. కొత్త వెర్షన్ వాడేవారు ఈ వ్యాప్తిని గమనించి పద్దులు రాసుకోవాలి.

5. ఇతర పద్ధతులు

వీఎస్ కోడ్‌లో ప్రాజెక్టు అమరికలు ఆ ఫోల్డరులోని ప్రత్యేక ఉపఫోల్డరులో ఉంటాయి. ఇక్కడ మోడ్‌ను 'లాంగ్వేజ్ మోడ్' అంటారు. వ్యక్తి అమరికల కంటే ప్రాజెక్టు అమరికలు బలీయం అన్నది సామాన్యనియమం. దీనికొక మినహాయింపు ఉంది. ఏదైనా ఒక లాంగ్వేజ్ మోడ్‌కు ప్రత్యేకించిన ఎడిటర్ అమరిక, ప్రత్యేకించని దానికంటే ఎప్పుడూ బలీయమే. ఆ ప్రత్యేకించనిది ప్రాజెక్టులో రాసినదైనా సరే. అంటే వ్యక్తి తన సొంత అమరికలలో ఎక్స్‌ఎంఎల్‌కు ప్రత్యేకంగా ఒకటి రాసుకొని ఉంటే, ప్రాజెక్టు సామాన్యంగా చెప్పినది దాని ముందు చెల్లదు. ఫైలు సాధారణ పాఠంగా ఉన్నంతసేపు ప్రాజెక్టు మాట నెగ్గి, మోడ్ మారగానే వ్యక్తి మాట నెగ్గుతుంది. స్థలవిశేషం, భాషావిశేషం అనే రెండు అపవాదాలు తలపడినప్పుడు వీఎస్ కోడ్ రెండవదాన్ని ఎంచుకుంది. మోడ్ మార్పుకు ప్రాజెక్టు చెదరకుండా ఉండాలంటే, ప్రాజెక్టు అమరికను కూడా ఆ మోడ్ పేరుమీదే మరొకసారి రాయాలి.

ఎడిటర్‌కాన్ఫిగ్ వేరొక దారి పట్టింది. ఇది ఏ ఒక్క ఎడిటర్‌కూ చెందదు. ఎన్‌కోడింగు, పంక్తిముగింపు, పంక్తి చివరి ఖాళీల తొలగింపు వంటి కొన్ని అమరికలను ఫైలు పేరును బట్టి నిర్దేశిస్తుంది. మోడ్ ప్రసక్తి ఇందులో లేదు కాబట్టి మోడ్ మారినా నిర్దేశం మారదు. ఫైలు పేరు చివరి భాగం మారితే మాత్రం మారవచ్చు. సాధారణ పాఠపు ఫైలును ఎక్స్‌ఎంఎల్ పేరుతో భద్రపరచినప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. 2025లో విడుదలైన ఈమాక్స్ 30.1లో ఇది అంతర్భాగమైంది. వీఎస్ కోడ్‌లో అనుబంధంగా చేర్చుకోవాలి.

6. నమ్మకం అనే షరతు

ప్రాజెక్టు అమరికలు ఫైళ్లతోపాటు ఒకరి నుంచి మరొకరికి ప్రయాణిస్తాయి. అందువల్ల వాటిలో హానికరమైన ఆజ్ఞ దాగి ఉండే అవకాశం ఉంది. విమ్ ఎడిటర్‌లో ఫైలు లోపల రాసే అమరికల పంక్తి ద్వారా ఇతరుల ఆజ్ఞలు నడిచే లోపం 2019లో బయటపడి, సవరణకు వచ్చింది. వీఎస్ కోడ్ 2021 నుంచి కొత్త ఫోల్డరును నమ్మవచ్చా అని అడుగుతున్నది. ఈమాక్స్ తనకు సురక్షితమని తెలియని అమరిక కనిపిస్తే వాడుకరి అనుమతి కోరుతుంది. అప్పుడు వద్దు అంటే ఆ ఒక్క పద్దే కాదు, జాబితా మొత్తం పక్కకు పోతుంది. అనుమతి నిరాకరించిన పరిశోధకుడు, పంక్తుల రక్షణ కూడా దానితోపాటు పోయిందని గ్రహించాలి. శాసనాల ప్రాజెక్టులో సంఖ్యలు, అవును-కాదు వంటి సరళమైన అమరికలకే పరిమితమైతే ఈ చిక్కు చాలావరకు తప్పుతుంది.

7. ఆచరణసూత్రాలు

పై పరిశీలన నుంచి కొన్ని ఆచరణసూత్రాలు తేలుతున్నాయి.

ఒకటి, పాఠాన్ని కాపాడే అమరికలను ఈమాక్స్‌లో అన్ని మోడ్‌లకూ వర్తించే పద్దులో ఉంచాలి. పని సౌకర్యానికి సంబంధించినవి మాత్రమే మోడ్‌ల వారీగా రాయాలి.

రెండు, మోడ్ మార్చిన వెంటనే ముఖ్యమైన అమరిక విలువను సరిచూడాలి. ఈమాక్స్‌లో అమరికను వివరించే ఆజ్ఞ దాని విలువతోపాటు అది ఏ ఫోల్డరు నిర్దేశం నుంచి వచ్చిందో కూడా చెబుతుంది.

మూడు, కలిసి పనిచేసేవారు ఎడిటర్ పేరునే కాక వెర్షన్‌ను కూడా నమోదు చేయాలి. ఒకే నిర్దేశం రెండు వెర్షన్లలో రెండు ఫలితాలు ఇవ్వగలదని పై ఉదాహరణ చూపింది.

నాలుగు, అమరికల ఫైలును పాఠంతోపాటే గిట్ వంటి మార్పుల చరిత్రలో భద్రపరచాలి. భద్రపరిచే ముందు మార్పుల పట్టికను చూస్తే, తాను ముట్టని పంక్తి మారిందేమో పరిశోధకుడికి తెలుస్తుంది.

అయిదు, పంక్తిసంఖ్యలను గుర్తులు చేర్చే దశకు వాయిదా వేయకుండా, ఎత్తిరాసేటప్పుడే వేయాలి.

8. ముగింపు

ప్రాజెక్టు అమరిక పాఠానికి కాపలా వంటిది. మోడ్ మారినప్పుడు ఆ కాపలా తొలగవచ్చు, తిరిగి రావచ్చు, మరొక నియమానికి లోబడవచ్చు. ఏది జరిగేదీ ఎడిటర్‌ను బట్టి, వెర్షన్‌ను బట్టి ఉంటుంది. పరిష్కర్త తన ప్రతులను, సంకేతాలను పీఠికలో పేర్కొన్నట్లే, డిజిటల్ పాఠాన్ని సిద్ధం చేసేవారు తమ సాధనాన్ని, దాని అమరికలను పేర్కొనడం పరిశోధనధర్మంలో భాగం. అయితే కాపలా ఎంత గట్టిదైనా పాఠం దానిమీదే ఆధారపడకూడదు. శిల మీద పంక్తి ఎక్కడ మారిందన్నది శాసనసమాచారం. ఆ సమాచారం ఎడిటర్ తెరమీది విరుపుగా కాక పాఠంలోనే స్పష్టమైన గుర్తుగా ఉన్నప్పుడు, ఏ మోడ్‌లో తెరిచినా శ్రీకూర్మం స్తంభం మీది ఏడవ పంక్తి ఏడవ పంక్తిగానే నిలుస్తుంది.