బడి బీరువాలో అమీనాకు చోటుందా?

పిల్లల కథలు రాసేవాళ్లు స్కూల్ లైబ్రేరియన్ల సభకు వెళ్లి మాట్లాడటం ఎందుకు? అక్కడ పిల్లలే ఉండరు కదా! లెక్క సింపుల్. ఒక అమ్మీ పుస్తకం కొంటే ఆ ఇంట్లో ఇద్దరో ముగ్గురో చదువుతారు. అదే లైబ్రేరియన్ ఒక్క కాపీ తెప్పించి అరలో పెడితే, అట్ట ఊడిపోయేదాకా పిల్లల చేతులు మారుతూనే ఉంటుంది. ఏది తెప్పించాలో, ఏ పిల్లకి ఏది ఇవ్వాలో చూసేది ఆ మనిషే. అందుకే అమెరికాలో పిల్లల రచయితలు ఈ సభలకు అంత విలువ ఇస్తారు.

హెనా ఖాన్‌నే తీసుకోండి. పాకిస్తానీ మూలాలున్న కుటుంబం, పెరిగింది మేరీలాండ్‌లో. చిన్నప్పుడు లైబ్రరీ పుస్తకాలు తెగ చదివినా, తనలాంటి పిల్ల, తన ఇంట్లాంటి ఇల్లు వాటిలో కనపడలేదని ఆమె చెబుతుంటారు. 2017లో ఆమె రాసిన ‘అమీనాస్ వాయిస్’ వచ్చింది. స్టేజీ ఎక్కి పాడాలంటే భయపడే అమ్మాయి, దుండగులు పాడుచేసిన మసీదు, తోడుగా నిలబడిన ఇరుగుపొరుగు... అదీ కథ. ముస్లిం పాత్రల పుస్తకాల కోసమే సైమన్ అండ్ షుస్టర్ సంస్థ పెట్టిన ‘సలామ్ రీడ్స్’ నుంచి వచ్చిన మొదటి పుస్తకాల్లో అదొకటి.

ఇలాంటి పుస్తకాల గురించి మాట్లాడేటప్పుడు ప్రొఫెసర్ రుడీన్ సిమ్స్ బిషప్ 1990లో చెప్పిన పోలిక తప్పక వస్తుంది. పుస్తకం కొందరికి అద్దం, కొందరికి కిటికీ. ఈద్ కథ ముస్లిం పిల్లకి అద్దమైతే, పక్క బెంచీ పిల్లకి కిటికీ. నిజానికి ఆ రెండోదే ఎక్కువ అవసరమేమో.

అరలోకి చేరాక కూడా గొడవ తీరదు. పెన్సిల్వేనియాలోని సెంట్రల్ యార్క్ స్కూల్ బోర్డు 2020లో ఒక పెద్ద పుస్తకాల జాబితాను క్లాసుల్లో వాడకుండా ఆపేసింది. ఒలింపిక్ ఫెన్సర్ ఇబ్తిహాజ్ ముహమ్మద్, ఎస్.కె. అలీ కలిసి రాసిన ‘ది ప్రౌడెస్ట్ బ్లూ’ కూడా అందులో ఉంది. అక్క మొదటిసారి హిజాబ్ కట్టుకుని బడికెళ్లిన రోజు కథ, అంతే! విద్యార్థులే రోడ్డెక్కారు. 2021 సెప్టెంబర్‌లో బోర్డు వెనక్కి తగ్గింది.

తెలుగులో ఇలాంటి కథలు లేవా అంటే, ఉన్నాయి. ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ ఎందరికో తెలుసు. హైదరాబాద్‌లోని అన్వేషి 2008లో తెచ్చిన ‘డిఫరెంట్ టేల్స్’ పిల్లల పుస్తకాల్లో ఆయన ‘హెడ్ కర్రీ’ ఉంది. తలకాయ కూర వండుకునే ఇల్లు పిల్లల పుస్తకంలోకి రావడం చిన్న సంగతేం కాదు.

చిక్కల్లా బడిలోనే. సమగ్ర శిక్ష కింద ప్రభుత్వ బడులకు లైబ్రరీ గ్రాంటు స్థాయిని బట్టి 5,000 నుంచి 20,000 రూపాయల దాకా ఉంది. పుస్తకం 100 రూపాయలనుకున్నా, చిన్న బడికి 50 పుస్తకాలు. కానీ చాలాచోట్ల లైబ్రేరియనే ఉండరు. బీరువా తాళం ఏదో ఒక టీచర్ దగ్గర ఉంటుంది. ఈసారి పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్లినప్పుడు మార్కులతో పాటు ఆ బీరువా రిజిస్టర్ కూడా చూపించమని అడగొచ్చు. ఆఖరి పుస్తకం ఏ తేదీన పిల్లల చేతికి వెళ్లిందో అందులో రాసి ఉంటుంది.