సముద్రము దాటి వచ్చిన పత్రికలు

రాకెట్టు నెక్కి చంద్రమండలమునకు పోవుటను గూర్చియు, గ్రహాంతరములందలి జీవులను గూర్చియు అల్లిన కథలను ఆసక్తితో చదివి, చదివినదానిపై వాదించుకొని, ఆ వాదములను సైక్లోస్టైలు యంత్రముపై అచ్చొత్తి ఒకరికొకరు పంపుకొను యువకుల చిన్న సమూహమొకటి రెండవ ప్రపంచయుద్ధమునకు ముందే బ్రిటనులో ఏర్పడియుండెను. 1937 జనవరిలో లీడ్సు నగరమునందలి దివ్యజ్ఞాన సమాజ మందిరమున వారు సమావేశమైరి; సైన్సు ఫిక్షను అభిమానులు ప్రత్యేకముగా ఏర్పాటు చేసికొన్న సభలలో అదియే మొదటిదని పలువురు చెప్పుదురు. వారికి ప్రియమైన కథలలో అధికభాగము అమెరికా నుండియే వచ్చుచుండెను. అచ్చట అమ్ముడుపోక మిగిలిన పత్రికలు ఓడలలో అట్లాంటికు సముద్రమును దాటి వచ్చి, ఊల్‌వర్తు దుకాణములలో మూడు పెన్నీలకే దొరకుచుండుటచే, కొద్దిపాటి జీతగాండ్రు సైతము వానిని కొని దాచుకొనగలిగిరి.

1939 సెప్టెంబరులో యుద్ధమారంభమైనంతనే ఈ ధార సన్నగిల్లి, కొలదికాలమునకే దాదాపుగా ఎండిపోయినది. ఆయుధములకును, ఆహారమునకును వెచ్చించవలసిన డాలర్లను కథల పత్రికలకై వ్యయపరచుటకు ప్రభుత్వము సమ్మతింపలేదు. ఓడలలోని చోటు అంతకంటె విలువైనదయ్యెను. కాగితమునకు కోటా ఏర్పడెను. వాల్టరు గిల్లింగ్సు 1937 నుండి నడపుచుండిన ‘టేల్స్ ఆఫ్ వండర్’ పత్రిక 1942లో ఆగిపోయెను. అమెరికా పత్రికయైన ‘అస్టౌండింగ్’నకు లండనులో పునర్ముద్రణ యొకటి వెలువడుచున్నను, మూలములోని కథలు పెక్కులు అందు తగ్గిపోయి, పాఠకుని ఆకలి తీరుటకు మారుగా హెచ్చగుచుండెను.

డబ్బిచ్చి తెప్పించుకొందమన్నను దారి లేకుండెను. సొమ్మును విదేశములకు పంపుటపై కఠినమైన ఆంక్షలుండుటచే, అమెరికాలో ఎవరేని ఒక పత్రికను కొని పంపినచో దాని వెల తిరిగి చెల్లించుట బ్రిటనువాసికి సాధ్యము కాకుండెను. కావున వచ్చిన ప్రతి పత్రికయు దానముగానో, ఇచ్చి పుచ్చుకొనుటగానో రావలసినదే. చట్టము వర్తకమును నిషేధించినచోట స్నేహము ఆ పనికి పూనుకొన్నదని నేను భావింతును. అమెరికా అభిమానులు తాము చదివిన సంచికలను పొట్లములు కట్టి, ముఖమైనను చూచి యెరుగని మిత్రులకు పంపసాగిరి. జలాంతర్గాములు పొంచియుండిన సముద్రముపై ఓడతోపాటు తపాలాసంచులును మునిగిపోవు రోజులవి. పంపినది చేరునను భరోసా లేదు, చేరినదని తెలియుటకు వారములు పట్టును. అయినను పంపిరి. బ్రిటనువారు తమ చేతిపత్రికలను ప్రతిగా పంపిరి.

ఇట్లు పంపినవారిలో లాస్ ఏంజలెస్ వాస్తవ్యుడగు ఫారెస్టు జె అకర్‌మన్ పేరు ముందు చెప్పవలసియున్నది. మిర్టిల్ డగ్లసుతో కలిసి ఆయన వెలువరించిన చేతిపత్రిక కేవలము పాఠకుల ఉత్తరములకే అంకితమై, బ్రిటనునుండి వచ్చిన లేఖలకు చోటిచ్చి, ఇరుతీరముల వారికిని మాటలాడుకొను వేదిక యయ్యెను. 1942లో ఆయనయు సైన్యమున చేరెను.

ఆవలి యొడ్డున ఈ బంధమును నిలిపిన వ్యక్తి లీడ్సు నివాసియైన జె. మైఖేలు రోజెన్‌బ్లూమ్. ఆయుధము పట్టుట తన అంతరాత్మకు విరుద్ధమని ప్రకటించిన ఆయన, సైన్యమునకు బదులు వ్యవసాయపు పనికి పోయెను. 1940 అక్టోబరున ఆయన ఆరంభించిన ‘ఫ్యూచూరియన్ వార్ డైజెస్ట్’ 1945 మార్చి వరకు వెలువడినది. అది కంటికింపైన పత్రిక కాదు. దొరకిన కాగితముపై దగ్గరదగ్గరగా టైపు చేసి ఒత్తిన కొన్ని పుటలు మాత్రమే. ఎవరు సైన్యమున చేరిరి, ఎవరి చిరునామా మారినది, ఏ పత్రిక నిలిచిపోయినది — ఇట్టి వార్తలే అందుండెడివి. స్వంతముగా పంచుకొనలేని ఇతరులు తాము అచ్చొత్తిన ఒకటి రెండు పుటలను లీడ్సునకు పంపగా, రోజెన్‌బ్లూమ్ వానినన్నిటిని తన పత్రికతో చేర్చి ఒకే పొట్లముగా తపాలాలో వేయుచుండెను. ఆ యేండ్లలో ఆయన యిల్లు చెదరిపోయిన మిత్రులకెల్ల చలివేంద్రమై నిలిచినది. ఆయుధము పట్టనివాడు ఆయుధము పట్టినవారి కుశలవార్తలను సేకరించి పంచుటయు, వారు ఆయనను తమవానిగనే యెంచి వ్రాయుచుండుటయు నాకు ఈ చరిత్రలో మిక్కిలి గౌరవింపదగిన విషయముగ తోచును.

యుద్ధమునకు పూర్వము లండనులోని గ్రేస్ ఇన్ రోడ్డు 88వ నంబరు ఇంటిలో ఒక వాటాను పంచుకొని నివసించిన మిత్రులలో ఇరువురి గతి చూడుడు. విలియం టెంపుల్ ఫిరంగిదళమున చేరి ఆఫ్రికాకును, ఇటలీకిని పోయి, తాను వ్రాయుచున్న నవల వ్రాతప్రతిని యుద్ధరంగమున రెండుమారులు పోగొట్టుకొని, మూడవమారు మొదటినుండి వ్రాసెను. అది 1949లో ప్రకటితమైనది. రెండవవాడు అనంతరకాలమున మన పొరుగుననే సింహళమున స్థిరపడిన ఆర్థరు సి. క్లార్కు. వైమానికదళమున రాడారు పనిలో నుండగనే, భూమిచుట్టు తిరుగు కేంద్రములద్వారా రేడియో సంకేతములను ప్రసారము చేయవచ్చునను వ్యాసమును ఆయన 1945లో ప్రకటించెను; మరుసటి యేట ఆయన కథలు ‘అస్టౌండింగ్’లోనే అచ్చయ్యెను. సముద్రము దాటి వచ్చిన పత్రికలకై ఎదురుచూచిన తరములోని పాఠకుడు అదే పత్రికకు రచయిత యయ్యెను.

ఊళ్లు తగులబడుచుండగా అంగారకుని కథలేమిటని ఆనాడును అడిగినవారుండిరి, నేడును అడుగుదురు. రేపటిని గూర్చి ఊహించుట రేపటియందు నమ్మకము గలవానికే సాధ్యము. ఆ నమ్మకమును యుద్ధకాలమున పదిమంది కలిసి కాపాడుకొనుట పలాయనమని నేను అంగీకరింపజాలను.

శత్రుదేశమైన జర్మనీ మాట మిగిలియున్నది. అకర్‌మన్ తమ్ముడు ఆల్డెన్ జర్మను సేనలతో జరిగిన బల్జ్ సంగ్రామమున 1945 జనవరి 1వ తేదీన మరణించెను. అదే యుద్ధమున జర్మను సైనికుడైన వాల్టరు ఎర్న్‌స్టింగ్ రష్యనులకు చిక్కి, కజకిస్తానమున బందీగానుండి, 1950లో స్వదేశము చేరి, బ్రిటిషు సైన్యాధికారులకు దుబాసీగా పనిచేయుచు, వారి సైనికులు చదివి విడిచిన ఆంగ్ల పుస్తకములద్వారా ఈ సాహిత్యమును తెలిసికొనెను. 1955లో ఆయన జర్మనీలో సైన్సు ఫిక్షను క్లబ్బును నెలకొల్పి, 1961లో కె. హెచ్. షేర్‌తో కలిసి ‘పెర్రీ రోడన్’ అను కథాపరంపరను ప్రారంభించెను. ఆ పరంపరను 1969 నుండి ఆంగ్ల పాఠకులకందించిన వారెవరనగా, అకర్‌మన్ దంపతులే: జర్మనీలో జన్మించిన ఆయన భార్య వెండేన్ అనువదింపగా, ఆయన సంపాదకుడుగా నుండెను. మరుసటి సంవత్సరము, అనగా 1970లో, ప్రపంచ సైన్సు ఫిక్షను సభ జర్మనీయందలి హైడెల్‌బర్గు నగరమున జరిగినది.