నాలుగు చక్రాలున్నా బోల్తా పడుతుంది!

సెలవులకు బాలి వెళ్లే మన కుటుంబాలు ఈమధ్య బాగా పెరిగాయి. టూర్ ప్యాకేజీలో ఆలయాలు, జలపాతాలతోపాటు ఉబుద్ కొండల్లో ఒక పూట ‘ఏటీవీ రైడ్’ కూడా ఉంటుంది. వరిమళ్ల గట్లు, వెదురు తోపులు, వాగులు, బురద గుంటల మీదుగా గైడ్ వెంట క్వాడ్ బైక్ నడుపుకుంటూ వెళ్లడం నిజంగానే సరదాగా ఉంటుంది. ‘నాలుగు చక్రాలున్నాయి, ముందు గైడ్ ఉన్నాడు, ఇంకేం భయం?’ అనుకుంటాం. అయితే ఇది పార్కులో పిల్లలు ఎక్కే బొమ్మ కారు కాదు. ఎవరు ఎక్కవచ్చు, ఎవరు ఆగిపోవాలి, దెబ్బ తగిలితే ఏం చేయాలి అన్నవి ముందే తెలుసుకుంటే ఆ సరదా సరదాగానే మిగులుతుంది. హైదరాబాద్ చుట్టుపక్కల రిసార్టుల్లో ఈ బండి ఎక్కేవారికీ ఇవే జాగ్రత్తలు వర్తిస్తాయి.

ఎందుకు బోల్తా పడుతుంది?

పెద్దలు నడిపే క్వాడ్ బైక్ బరువు సుమారు 200 నుంచి 350 కిలోల వరకూ ఉంటుంది. నేలకు ఎత్తుగా ఉంటుంది, చక్రాల మధ్య వెడల్పు తక్కువ. అందుకే వాలులో అడ్డంగా వెళ్లినా, మలుపులో వేగం తగ్గించకపోయినా ఒక పక్కకు ఒరిగిపోతుంది. ఒకప్పుడు వీటిలో మూడు చక్రాల రకం కూడా ఉండేది. ప్రమాదాలు ఎక్కువ కావడంతో 1988లో అమెరికా ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం మేరకు తయారీ సంస్థలు వాటి అమ్మకం ఆపేశాయి. నాలుగు చక్రాల బండి వాటికన్నా మేలే, కానీ బోల్తా ప్రమాదం పూర్తిగా పోలేదు.

స్కూటర్, కారు నడిపిన అనుభవం ఇక్కడ అంతగా అక్కరకు రాదు. దీన్ని చేతులతోనే కాదు, ఒళ్లంతా కదిలించి నడపాలి. ఎక్కుడులో ముందుకు వంగాలి, దిగుడులో వెనక్కి జరగాలి, మలుపులో లోపలి వైపు ఒరగాలి. వేగం పెంచే మీట కుడిచేతి బొటనవేలి దగ్గర ఉంటుంది. కొత్తవారు భయపడి హ్యాండిల్‌ను గట్టిగా పట్టుకునే కంగారులో ఆ మీటను నొక్కేస్తారు. ఆగాల్సిన బండి దూసుకుపోతుంది. బండి ఒరుగుతోందని కాలు కింద పెట్టడం మరో పొరపాటు. వెనక చక్రం ఆ కాలి మీదుగా వెళ్లిపోతుంది. పాదాలు ఎప్పుడూ ఫుట్‌రెస్ట్ మీదే ఉండాలి.

పిల్లల విషయంలో మొహమాటం వద్దు

పదహారేళ్లలోపు పిల్లలు ఏటీవీ నడపకూడదని, వెనక కూర్చోకూడదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం చాలాకాలంగా చెబుతోంది. పిల్లలకు బండిని అదుపు చేసేంత బరువు ఉండదు. ప్రమాదాన్ని అంచనా వేసి చటుక్కున నిర్ణయం తీసుకునే నేర్పు కూడా ఆ వయసుకు రాదు. పర్యాటక ప్రాంతాల్లో నిర్వాహకులు ఇంతకన్నా చిన్నవాళ్లను కూడా పెద్దల వెనక ఎక్కించుకోవడానికి ఒప్పుకుంటారు. వాళ్లు ఒప్పుకున్నంత మాత్రాన అది క్షేమమని కాదు.

ముఖ్యంగా బిడ్డను ముందు కూర్చోబెట్టుకోవడం అసలు వద్దు. బండి గట్టుకు తగిలి ఆగితే హ్యాండిల్ నేరుగా బిడ్డ పొట్టకు గుచ్చుకుంటుంది. ఈ దెబ్బకు పైన చిన్న కమిలిన మచ్చే కనిపించినా లోపల ప్లీహం, కాలేయం, క్లోమం దెబ్బతిని ఉండవచ్చు. లక్షణాలు గంటల తర్వాత, ఒక్కోసారి ఒకటి రెండు రోజుల తర్వాత బయటపడతాయి. ఇక ఒక్కరి కోసం తయారైన బండి మీద ఇద్దరు కూర్చుంటే బరువు పంపకం మారిపోయి బోల్తా అవకాశం పెరుగుతుంది. ఇద్దరు వెళ్లాలంటే రెండు సీట్ల బండే అడగాలి.

వీళ్లు ఆగిపోవడమే మంచిది

• గర్భిణులు, ఈమధ్యే కాన్పు లేదా ఆపరేషన్ అయినవారు.
• నడుము డిస్క్ సమస్య, మెడనొప్పి, ఎముకల గుల్లతనం ఉన్నవారు. కుదుపులకు వెన్నుపూస దెబ్బతినవచ్చు.
• రక్తం పలుచన చేసే మందులు వాడేవారు. తలకు చిన్న దెబ్బ తగిలినా లోపల రక్తస్రావం కావచ్చు.
• మూర్ఛ, తరచూ కళ్లు తిరగడం, అదుపులో లేని బీపీ, గుండెజబ్బు ఉన్నవారు.
• నిద్ర ముంచుకొచ్చే మందులు వేసుకున్నవారు, ముందురోజు రాత్రి మద్యం తాగి ఆ మత్తు దిగనివారు.

షుగర్ ఉన్నవారు వెళ్లవచ్చు కానీ ఒక జాగ్రత్త. పొద్దున్నే ఇన్సులిన్ తీసుకుని, కారు వచ్చేసిందన్న హడావిడిలో టిఫిన్ మానేస్తే దారి మధ్యలో షుగర్ పడిపోతుంది. తినే బయల్దేరాలి, గ్లూకోజ్ బిళ్లలు జేబులో ఉండాలి.

ఎక్కే ముందు చూసుకోవాల్సినవి

హెల్మెట్ మీ తలకు సరిపోయిందా అన్నది మొదటి ప్రశ్న. తల అటూఇటూ ఊపితే అది కదలకూడదు. పట్టీకి, గడ్డానికి మధ్య రెండు వేళ్లకు మించి సందు ఉండకూడదు. పాదం మొత్తం కప్పే బూట్లు, మందపాటి ప్యాంటు వేసుకోవాలి. చెప్పులు, చున్నీ, విరబోసుకున్న జుట్టు వద్దు. సైలెన్సర్‌కు పిక్క తగిలి కాలడం మామూలే. ప్యాంటు ఉంటే ఆ గాయం తప్పుతుంది.

గైడ్‌ను కొన్ని విషయాలు అడగండి. బయల్దేరే ముందు చదునైన చోట సాధన చేయిస్తారా? దారిలో తారురోడ్డు ఎంత ఉంది? ఈ బండి టైర్లు మట్టికోసం చేసినవి, తారురోడ్డు మీద మలుపుల్లో అదుపు తప్పే ప్రమాదం ఎక్కువ. బృందంలో వెనక రెండో గైడ్ ఉంటాడా? దగ్గర్లోని ఆస్పత్రి ఏది? వీటికి సరైన జవాబు రాకపోతే డబ్బు పోయినా వెనక్కి రావడమే మేలు. బాలిలో నవంబరు నుంచి మార్చి దాకా వానాకాలం. రాత్రి భారీ వాన పడితే రైడ్ మరో రోజుకు మార్చుకోండి. అక్కడి ఉక్కపోతలో హెల్మెట్ లోపల ఒళ్లు త్వరగా నీరసిస్తుంది. నీళ్లు, ఓఆర్ఎస్ వెంట ఉంచుకోండి.

ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉందని నిశ్చింతగా ఉండకండి. చాలా పాలసీలు సాహస క్రీడల్లో తగిలిన గాయాలకు డబ్బు ఇవ్వవు. ఏటీవీ వాటి కిందికి వస్తుందా, అదనపు ప్రీమియం కట్టాలా అన్నది ఇక్కడే అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.

దెబ్బ తగిలితే...

బండి మనిషి మీద పడితే ఇంజిన్ ఆపి, నలుగురూ కలిసి వెంటనే దాన్ని పైకి ఎత్తాలి. ఛాతీ మీద బరువు ఉంటే ఊపిరి ఆడదు, ఆ నిమిషాలే కీలకం. మెడ, వెన్ను నొప్పి అంటే కూర్చోబెట్టవద్దు, హెల్మెట్ లాగవద్దు. కదలకుండా ఉంచి అంబులెన్స్ పిలవాలి. కాలిన చోట 20 నిమిషాలు చల్లటి నీళ్లు ధారగా పోయాలి. టూత్‌పేస్ట్, పసుపు పూయవద్దు. బురద అంటిన గాయాన్ని సబ్బుతో, శుభ్రమైన నీళ్లతో కడగాలి. టెటనస్ టీకా వేయించుకుని ఐదేళ్లు దాటి ఉంటే మళ్లీ అవసరమవుతుంది.

తలకు దెబ్బ తగిలాక వాంతులు, పెరిగే తలనొప్పి, మగత, తికమక మాటలు కనిపించినా, పొట్టకు దెబ్బ తగిలాక నొప్పి, ఎడమ భుజంలో నొప్పి, ముఖం పాలిపోవడం కనిపించినా క్షణం ఆలస్యం చేయవద్దు. అలాంటి స్థితిలో ‘ఇంటికెళ్లి చూపించుకుందాం’ అని విమానం ఎక్కవద్దు.

తిరిగొచ్చాక జ్వరమొస్తే

మురికినీళ్లు, బురద ద్వారా సోకే వ్యాధుల్లో ముఖ్యమైంది లెప్టోస్పైరోసిస్. దీన్నే ఎలుక జ్వరం అంటారు. ఎలుకలు, పశువుల మూత్రం కలిసిన నీటి నుంచి చర్మం మీది గీతలు, కళ్లు, నోటి ద్వారా క్రిమి లోపలికి వెళ్తుంది. 2000లో మలేసియాలోని సబాలో జరిగిన ఒక సాహస పోటీ తర్వాత వైద్య బృందాలు 189 మంది క్రీడాకారులను విచారిస్తే, 80 మందిలో ఈ జ్వరం లక్షణాలు కనిపించాయి. అంటే ఆరోగ్యంగా, దృఢంగా ఉన్నవారినీ ఇది వదలదు.

సాధారణంగా 5 నుంచి 14 రోజుల్లో, ఒక్కోసారి నెల రోజుల లోపు జ్వరం, పిక్కల్లో తీవ్రమైన నొప్పి, కళ్లు ఎర్రబడటం మొదలవుతాయి. ముదిరితే కామెర్లు, కిడ్నీల వైఫల్యం రావచ్చు. త్వరగా గుర్తిస్తే యాంటీబయాటిక్స్‌తో తగ్గుతుంది. అక్కడ డెంగీ కూడా ఎక్కువే కాబట్టి, డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ‘ఫలానా రోజు బాలిలో బురదలో తిరిగాం’ అని తప్పకుండా చెప్పండి. ఆ ఒక్క మాటతో ఏ పరీక్షలు చేయించాలో వారికి తెలుస్తుంది. రైడ్ సమయంలో గాయాలకు నీరు చొరని ప్లాస్టర్ వేసుకోవడం, బురదనీళ్లు నోట్లోకి పోకుండా చూసుకోవడం, వెంటనే సబ్బుతో స్నానం చేయడం మన చేతిలోని జాగ్రత్తలు.

ఇంట్లో అందరూ ఎక్కి తీరాలన్న నియమమేమీ లేదు. రైడ్‌కు వెళ్లని అమ్మమ్మ, తాతయ్య, పిల్లలు ఆ పూట జటిలువిహ్ వరిమళ్ల మధ్య నెమ్మదిగా నడవవచ్చు. 2012లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన ‘సుబక్’ నీటి పంపకం పద్ధతిని చూపిస్తే పిల్లలు కూడా ఆసక్తిగా అడిగి తెలుసుకుంటారు.